డిజిటల్ రేంజ్‌ఫైండర్ కొంటే ఫిల్మ్ కెమెరా ఇచ్చిన సంతోషం మిగులుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ సంగతి. చాలా ఏళ్లుగా మీరు ఒక మెకానికల్ రేంజ్‌ఫైండర్‌తో (లెన్సు పక్కనున్న కిటికీలోంచి చూస్తూ చేత్తో ఫోకస్ చేసే కెమెరాతో), 35 ఎంఎం, 50 ఎంఎం లెన్సులతో ఫిల్మ్ మీద ఫొటోలు తీస్తున్నారు. ఫిల్మ్, డెవలపింగ్, స్కానింగ్ ఖర్చులు పెరిగిపోయాయి. ల్యాబ్ నుంచి రోళ్లు తిరిగి రావడానికి వారాలు పడుతోంది. అవే లెన్సులు పట్టే డిజిటల్ బాడీకి, అంటే లెన్సు విడిగా ఉండే కెమెరాకు, మారాలని ఉంది. మీ స్నేహితుడేమో "పాత పద్ధతి కావాలంటే ఫిల్మ్ ఉంది, డిజిటల్ కావాలంటే ఆటోఫోకస్ ఉన్న మిర్రర్‌లెస్ (లెన్సు చూసేదాన్ని ఎలక్ట్రానిక్ తెరమీద చూపే కెమెరా) ఉంది, రెంటికీ మధ్య ఇదెందుకు?" అంటున్నారు. ఆయన మాట సరైనదేనా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. ఫిల్మ్ రేంజ్‌ఫైండర్ ఇచ్చే సంతోషాలు రెండు. షట్టర్ నొక్కేదాకా ఉండేది ఒకటి, నొక్కాక మొదలయ్యేది ఇంకొకటి. మొదటిది కెమెరా వల్ల కలుగుతుంది. కిటికీ గుండా చూడటం, చేత్తో ఫోకస్ చేయడం, రెండు మూడు డయళ్లతో పని ముగించడం అన్నీ దాని కిందికే వస్తాయి. రెండోది ఫిల్మ్ వల్ల కలుగుతుంది. ఏం వచ్చిందో తెలియని నిరీక్షణ, చేతికందే నెగటివ్, వెండి రేణువులతో ఏర్పడిన బొమ్మ, డార్క్‌రూమ్ దాని కిందికి వస్తాయి. డిజిటల్ రేంజ్‌ఫైండర్‌లో మొదటిది దాదాపు పూర్తిగా దక్కుతుంది, కొన్ని చోట్ల మెరుగవుతుంది కూడా. రెండోది దక్కదు. నిరీక్షణను కొంతవరకు అలవాటుతో తెచ్చుకోవచ్చు గానీ నెగటివ్‌ను తెచ్చుకోలేం. కాబట్టి మీ సంతోషం ఈ రెంటిలో ఎక్కువగా ఎక్కడుందో తేల్చుకుంటే మీ స్నేహితుడి ప్రశ్నకు సమాధానం దొరికినట్టే.

నేను రంగస్థల రిహార్సళ్లు, వర్క్‌షాపులు, పనిచేసే మనుషులను ఫొటోలు తీస్తాను. చాలాకాలం అచ్చంగా ఫిల్మ్ రేంజ్‌ఫైండర్‌తోనే చేశాను. ఇప్పుడు రంగుల పని మొత్తం డిజిటల్ రేంజ్‌ఫైండర్ మీద, నలుపు తెలుపు మాత్రం ఫిల్మ్ మీద చేసి ప్రింట్లు నేనే వేసుకుంటాను. కింద రాసేదంతా ఆ అనుభవంలోంచి వచ్చిందే.

మొదట, దక్కేదాని గురించి. రేంజ్‌ఫైండర్ అంటే లెన్సులోంచి కాకుండా పక్కనున్న కిటికీలోంచి చూసే కెమెరా అని మీకు తెలుసు. లెన్సు తిప్పుతుంటే దూరాన్ని కొలిచే యంత్రం కూడా దాంతోపాటు కదిలే ఏర్పాటు లైకా 2లోనూ కాంటాక్స్ 1లోనూ 1932లోనే వచ్చింది. చూపు, ఫోకస్ రెండింటినీ పెద్ద, ప్రకాశవంతమైన ఒకే కిటికీలోకి తెచ్చి జర్మన్ కెమెరా కంపెనీ లైకా 1954లో తన ఎం వరుసలో మొదటిదైన ఎం3ని విడుదల చేసింది. అప్పటి ఆ అమరికే ఇప్పటి డిజిటల్ ఎం రేంజ్‌ఫైండర్లలోనూ ఉంది. అద్దాలు, పట్టకాలు, లెన్సు వెనక ఆనుకుని కదిలే చిన్న రోలరు, కిటికీ నడుమ ఉండే ప్యాచ్ అనే చిన్న చతురంలో రెండు బొమ్మలు ఒకటిగా కలవడం, ఇందులో దేనికీ సెన్సర్‌తో సంబంధం లేదు. బ్యాటరీ తీసేసినా ఫోకస్ చేయవచ్చు. డిజిటల్ బాడీని కంటికి ఆనించిన మొదటి క్షణంలోనే మీ చెయ్యి దాన్ని గుర్తుపడుతుంది. 50 ఎంఎం లెన్సును తిప్పే వేలి పిడి (ఫోకస్ ట్యాబ్) నేరుగా కిందికి ఉంటే దూరమెంతో మీ వేలికి ముందే తెలుసు కదా, ఆ తెలివి వృథా పోదు.

ఈ కిటికీ విలువ ఎక్కడుందో కొంచెం వివరంగా చెప్పాలి. డిజిటల్ రేంజ్‌ఫైండర్ కొనాలా వద్దా అన్నది చివరికి ఇక్కడే తేలుతుంది.

ఎస్సెల్లార్‌లో (లోపలి అద్దం ద్వారా లెన్సులోంచే చూసే కెమెరాలో) గానీ మిర్రర్‌లెస్‌లో గానీ కనిపించేది లెన్సు చూసే లోకం. ముందున్న ముఖం స్పష్టంగా, వెనకున్నదంతా మసకగా, అంచుల బయట ఏమీ లేకుండా ఉంటుంది. రేంజ్‌ఫైండర్ కిటికీలో దగ్గరా దూరం అన్నీ స్పష్టంగానే కనిపిస్తాయి. ఫొటోలో పడే మేరను చూపే ఫ్రేమ్ గీతల బయట ఏం జరుగుతోందో కూడా కనిపిస్తుంది. 0.72 రెట్ల వ్యూఫైండర్‌లో 50 ఎంఎం ఫ్రేమ్ చుట్టూ బోలెడంత జాగా మిగులుతుంది. రిహార్సల్ గదిలో ఇద్దరు నటులు మాట్లాడుకుంటూ ఉంటారు. ఎడమవైపు నుంచి మూడో మనిషి వస్తున్నాడని నాకు ముందే తెలుస్తుంది. అతను గీత దాటి ఎక్కడ అడుగు పెడితే బొమ్మ కుదురుతుందో చూసుకుని ఆగుతాను. షట్టర్ పడిన క్షణంలో కిటికీ చీకటి కాదు. ఫ్లాష్ వెలిగిందో లేదో, కన్ను మూశారో లేదో కళ్లారా చూస్తాను. ఇలా చూసే అలవాటు వల్ల నేను తీసే బొమ్మలే మారిపోయాయి. ముందు మనుషులను ఒక్కొక్కరిగా తీసేవాణ్ని, కిటికీ అలవాటయ్యాక మనుషుల మధ్య ఖాళీలను, వాళ్ల మధ్య నడిచే సంగతులను తీయడం మొదలైంది. దీనికీ ఫిల్మ్‌కూ సంబంధం లేదు.

మీ స్నేహితుడు చెప్పిన మిర్రర్‌లెస్ ఇవ్వలేనిది ఇదే. దాని ఫోకస్ వేగం, కచ్చితత్వం నిజమే, పరిగెత్తే పిల్లలను తీయాలన్నా, ఆటలు తీయాలన్నా, 0.7 మీటర్ల కన్నా దగ్గరికి వెళ్లాలన్నా, 90 ఎంఎం దాటిన లెన్సులతో పనున్నా ఆయన మాటే వినండి. ఎం లెన్సులను అడాప్టర్‌తో మిర్రర్‌లెస్‌కు తగిలించుకోవచ్చు కదా అని కూడా ఆయన అనవచ్చు. తగిలించుకోవచ్చు. అయితే చాలా మిర్రర్‌లెస్ కెమెరాల్లో సెన్సర్ ముందున్న గాజు పొరలు మందంగా ఉంటాయి, వైడ్ లెన్సులతో తీసిన బొమ్మల మూలలు వాటివల్ల మసకబారుతాయి. పైగా తెరమీది బొమ్మను పెద్దది చేసుకుని ఫోకస్ చూసుకునేటప్పుడు ఫ్రేమ్ మొత్తం కంటినుంచి తప్పుకుంటుంది. బొమ్మ రావచ్చు గానీ ఆ చూపు రాదు.

ఇక డిజిటల్‌లో రేంజ్‌ఫైండర్ తన బలాన్ని ఇంకా ఎక్కువగా వాడుకోగలదు. ఈ విషయం ఎవరూ తగినంతగా చెప్పరనిపిస్తుంది, అందుకే లెక్కతో సహా చెబుతాను.

మామూలు దీపాలున్న గది తీసుకోండి. 400 ఐఎస్ఓ (వెలుగును పట్టుకునే వేగం) ఫిల్మ్ వేసి ఉంటే సెకనులో 60వ వంతు షట్టర్, ఎఫ్/2 (లెన్సు రంధ్రం, అంటే అపర్చర్ కొలత; అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) దగ్గర అంతంతమాత్రంగా సరిపోతుంది. 35 ఎంఎం లెన్సును 2.5 మీటర్లకు ఫోకస్ చేస్తే, ఎఫ్/2 దగ్గర స్పష్టంగా వచ్చేది సుమారు 2.2 మీటర్ల నుంచి 2.85 మీటర్ల దాకా. మనిషి ఒక్క అడుగు ముందుకేస్తే మళ్లీ ఫోకస్ చేయాలి. అదే గదిలో డిజిటల్ బాడీని ఐఎస్ఓ 6400కు పెట్టండి. నాలుగు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) కలిసివస్తాయి. ఎఫ్/5.6, సెకనులో 125వ వంతు వాడుకోవచ్చు. అప్పుడు అదే 2.5 మీటర్ల ఫోకస్‌తో 1.9 మీటర్ల నుంచి 3.8 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. అంటే దాదాపు రెండు మీటర్ల లోతు! ఇక ఫోకస్ చేయాల్సిన పనే లేదు, దూరం పెట్టుకుని మనుషులను చూస్తూ ఉండటమే. ఎండలో వీధి ఫొటోగ్రాఫర్లు ఎఫ్/8 దగ్గర లెన్సును ముందే అమర్చుకుని పనిచేసే పద్ధతి ఉంది కదా, ఫిల్మ్ రోజుల్లో గది లోపల అది చాలావరకు అసాధ్యం. రేంజ్‌ఫైండర్ అతి వేగంగా పనిచేసేది ఈ పద్ధతిలోనే. లెన్సును పూర్తిగా తెరిచి దగ్గరి ముఖాన్ని ఫోకస్ చేయాల్సినప్పుడే అది తడబడుతుంది. ఫిల్మ్ వేగం తక్కువ కావడం వల్ల చీకటి పడిన ప్రతిసారీ మనం దాన్ని అది తడబడే చోటికే నెట్టేవాళ్లం.

ఈ లెక్కలు నెగటివ్ మీద 0.03 మి.మీ. మసకను కన్ను పట్టించుకోదన్న పాత ప్రమాణంతో వేసినవి. ప్రింటుకు అది చాలు. 60 మెగాపిక్సెల్ ఫైలును తెరమీద నూటికి నూరు శాతం పెంచి చూస్తే చాలదు. అలా చూడక తప్పదనుకుంటే లెన్సు మీద చెక్కిన గీతలను నమ్మకుండా రెండు స్టాపులు బిగించి లెక్కవేసుకోండి. అంటే ఎఫ్/8 వాడుతూ ఎఫ్/4 గీతలను చూసుకోవాలి.

ఐఎస్ఓను ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ మార్చుకోగలగడం కూడా చిన్న సంగతి కాదు. ఎండలోంచి గదిలోకి అడుగు పెట్టినప్పుడు రోలు సగంలో ఉందని బాధపడనవసరం లేదు. లైకా డిజిటల్ కెమెరా ఎం10లో ఫిల్మ్ చుట్టే పిడి ఉండాల్సిన చోట ఐఎస్ఓ డయల్ పెట్టారు. షట్టర్ డయల్, అపర్చర్ రింగు, ఈ డయల్ మూడూ కెమెరా ఆన్ చేయకుండానే కంటికి కనిపిస్తాయి.

ఎక్స్‌పోజర్ (ఎంత వెలుగు ఇవ్వాలన్నది) దగ్గర మాత్రం మీ చేతి అలవాటును మార్చుకోవాలి. నెగటివ్ ఫిల్మ్ వెలుగు ఎక్కువైతే భరిస్తుంది, తక్కువైతే భరించదు. అందుకే నీడలను చూసి ఎక్స్‌పోజ్ చేయడం, అనుమానం ఉంటే ఒక స్టాపు ఎక్కువ ఇవ్వడం మనకు అలవాటు. సెన్సర్‌ది దీనికి పూర్తిగా ఎదురు స్వభావం. నీడల్లోంచి ఎంతో లాగవచ్చు గానీ వెలుగు హద్దు దాటితే అక్కడ ఏమీ మిగలదు, తెల్లటి ఖాళీ తప్ప. ఫిల్మ్‌లో వెలుగు మెల్లగా వంగుతూ తెల్లబడుతుంది, సెన్సర్‌లో ఒక గీత దగ్గర తెగిపోతుంది. కాబట్టి వెలుగును చూసి ఎక్స్‌పోజ్ చేయండి, నీడలను తర్వాత లేపుకోండి. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఫిల్మ్ నుంచి వచ్చినవాళ్లు మొదటి నెలలో ఎక్కువగా పోగొట్టుకున్నవి ఆకాశాలే.

ఇప్పుడు తెర గురించి. ఫిల్మ్ ప్రేమికుల అసలు భయం ఇదేనని నాకు తెలుసు. తీసిన ప్రతిసారీ వెనక్కి తిప్పి చూసుకుంటే ఎదుటనున్న మనిషితో ఉన్న బంధం తెగిపోతుంది, అప్పుడే తర్వాతి క్షణం జారిపోతుంది. ఇది నిజమైన నష్టం. దీన్ని గంభీరంగా తీసుకుని తెర లేని డిజిటల్ కెమెరాలే చేశారు. 2014లో లైకా తెర లేని ప్రత్యేక మోడల్ ఒకటి తెచ్చింది. తర్వాత 2016లో ఎం-డి, 2018లో ఎం10-డి, 2024లో ఎం11-డి వచ్చాయి. ఫ్రాన్స్‌లో తయారయ్యే పిక్సీ రేంజ్‌ఫైండర్‌కు కూడా వెనక తెర లేదు. వీటిమీద నాకు గౌరవం ఉంది. అయినా మొదటి డిజిటల్ బాడీగా వీటిని కొనమనను. కొత్త సెన్సర్ వెలుగును ఎక్కడ కోల్పోతుందో నేర్చుకునే తొలి నెలల్లో తెర మంచి గురువు. నేర్చుకున్నాక, తీసిన వెంటనే బొమ్మను తెరమీద చూపే ఆటో రివ్యూను మెనూలో ఆపేయండి. కెమెరా మీద తోలు తొడుగు వేసుకుని తెరను కప్పేసేవాళ్లు కూడా ఉన్నారు. పని జరుగుతుంది.

నిరీక్షణ సంగతికి వస్తే, అది ఫిల్మ్ ఒక్కటే ఇవ్వగలిగేది కాదు. అమెరికన్ వీధి ఫొటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ తాను తీసిన రోళ్లను కావాలనే చాలాకాలం డెవలప్ చేయకుండా ఉంచేవారు. తీసిన క్షణంలోని ఉత్సాహం చల్లారితే తప్ప బొమ్మను బొమ్మగా చూడలేమని ఆయన నమ్మకం. 1984లో ఆయన చనిపోయేనాటికి డెవలప్ చేయని రోళ్లే సుమారు 2,500 ఉన్నాయి. ఫిల్మ్ వల్ల ఆలస్యం ఎలాగూ అవుతుంది, దానిపైన ఆయన మరింత ఆలస్యాన్ని తానే కోరి పెట్టుకున్నారు. అలాంటి ఆలస్యాన్ని మెమరీ కార్డుతోనూ పెట్టుకోవచ్చు. నా పద్ధతి చెబుతాను. అప్పగించాల్సిన పని కాకపోతే కార్డును కంప్యూటర్‌లోకి ఎక్కించి బ్యాకప్ చేసి, ఆ ఫోల్డరును కొన్ని వారాలు తెరవను. తెరిచాక ఒక్కో బొమ్మను పెద్దగా చూడను. ఒక రోలులో ఉన్నట్టే 36 చొప్పున చిన్న బొమ్మలుగా ఒకే కాగితం మీద ప్రింటు వేసి, ఆ కాంటాక్ట్ షీట్ మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుంటాను. బ్రెజిల్ ఫొటోగ్రాఫర్ సెబాస్టియావో సల్గాడో కూడా డిజిటల్‌కు మారాక తెరమీద ఎంపిక చేయకుండా కాంటాక్ట్ షీట్లు వేయించుకుని చూసేవారు. చిన్న బొమ్మలో నిలబడేది కూర్పు ఒక్కటే. పదును, నాయిస్ (సెన్సర్ వల్ల వచ్చే చుక్కల గరుకు) కనిపించవు గనుక ఎంపిక నిజాయితీగా జరుగుతుంది.

36 ఫ్రేములే ఉండటం మనిషిని శ్రద్ధగా తీసేలా చేస్తుందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. శ్రద్ధ ఉన్నవాడు 36 అయినా 300 అయినా శ్రద్ధగానే తీస్తాడు. రిహార్సల్ తారస్థాయికి చేరినప్పుడు 34వ ఫ్రేమ్ మీద ఉండి, రోలు మార్చాలా ఆగాలా అని తర్జనభర్జన పడటంలో నాకే సుగుణమూ కనిపించలేదు. పరిమితి ప్రియమైతే డిజిటల్‌లో కూడా ఒకే లెన్సు, ఒకే దూరం పెట్టుకుని రోజంతా తిరగండి, 36 సంఖ్య కన్నా అది కళ్లకు ఎక్కువ నేర్పుతుంది.

సెన్సర్ వల్ల వచ్చే అసలు చిక్కులు కొన్ని ఉన్నాయి. కొనేముందు ఇవి తెలియాలి. ఎం మౌంటులో, అంటే ఎం కెమెరాకు లెన్సు బిగించే చోట, లెన్సు ఆనుకునే అంచునుంచి ఫిల్మ్ దాకా 27.8 మి.మీ. మాత్రమే దూరం. వైడ్ లెన్సుల వెనక భాగం లోపలికి చొచ్చుకొచ్చి ఫిల్మ్‌కు మరీ దగ్గరగా ఉంటుంది. మూలలకు చేరే కిరణాలు బాగా ఏటవాలుగా పడతాయి. ఫిల్మ్‌కు అది పెద్ద బాధ కాదు. సెన్సర్‌లోని ప్రతి పిక్సెల్ చిన్న బావి లాంటిది, ఏటవాలు కిరణం దాని అడుగుకు చేరదు. మూలలు చీకటిగానో ఊదారంగులోనో రావడానికి కారణం ఇదే. డిజిటల్ రేంజ్‌ఫైండర్ ఆలస్యంగా రావడానికీ ఇదే ముఖ్యమైన కారణం. 2004లో వచ్చిన మొదటిది, ఎప్సన్ ఆర్-డీ1, 6 మెగాపిక్సెల్ చిన్న సెన్సర్‌తో సరిపెట్టుకుంది. దానికి షట్టర్ బిగించడానికి ఫిల్మ్ కెమెరా లాగే లీవరు ఉండేది, నాకు చాలా ఇష్టమైన వివరం అది. 2006లో లైకా ఎం8 వచ్చింది. దాని సెన్సర్ కూడా పూర్తి సైజు కాదు, 1.33 క్రాప్ (ఫిల్మ్ ఫ్రేమ్ వెడల్పు దానికి 1.33 రెట్లు). ఏటవాలు కిరణాల కోసం సెన్సర్ ముందు గాజును పలుచన చేశారు, దానివల్ల ఇన్‌ఫ్రారెడ్ లోపలికి వచ్చి నల్లని సింథటిక్ బట్టలు మెజెంటా రంగులో పడేవి. లెన్సు ముందు ప్రత్యేక ఫిల్టర్ పెట్టుకోవాల్సి వచ్చింది. 24×36 మి.మీ. పూర్తి ఫ్రేమ్ 2009లో ఎం9తో దక్కింది. సెన్సర్ మీది సూక్ష్మ కటకాలను అంచుల వైపు కొద్దికొద్దిగా జరిపి అమర్చారు. మీ 35, 50 లెన్సులతో ఈ గొడవ అంతగా ఉండదు. పాత 21 ఎంఎం సుష్టాకార వైడ్ లెన్సు ఉంటే మాత్రం పరీక్షించకుండా బాడీ కొనకండి.

రెండో చిక్కు, ఫోకస్ కచ్చితత్వం. ఫిల్మ్‌కు మందం ఉంది, కొద్దిగా వంపు ఉంటుంది, చిన్న తేడాలను కడుపులో దాచుకుంటుంది. సెన్సర్ బల్లపరుపుగా ఉంటుంది, మీరూ తెరమీద పెద్దది చేసి చూస్తారు. ఇన్నేళ్లూ బాగా పనిచేసిన లెన్సు డిజిటల్ మీద రెండు అంగుళాలు వెనక్కి ఫోకస్ చేస్తున్నట్టు కనిపించవచ్చు. లెన్సు పాడవలేదు, ఇప్పుడు కనిపించిందంతే. బాడీని, లెన్సులను కలిపి ఒకే చోట సరిచేయించుకుంటే తీరిపోతుంది. కొన్ని వేగవంతమైన (రంధ్రం పెద్దదై ఎక్కువ వెలుగు తీసుకునే) లెన్సుల్లో అపర్చర్ మూసేకొద్దీ ఫోకస్ జరుగుతుంది, జైస్ సీ సోనార్ 50 ఎంఎం ఎఫ్/1.5 ఇందుకు పేరుబడింది. దాన్ని సరిచేయడానికి లేదు, అలవాటు పడాల్సిందే.

ఇక దక్కనిదాని గురించి. ఇక్కడ నేను ఫిల్మ్ పక్షాన ఉన్నాను.

ఫిల్మ్ రేణువు బొమ్మ మీద పడిన మచ్చ కాదు, బొమ్మ తయారైందే దానితో. డిజిటల్ నాయిస్ ముఖ్యంగా నీడల్లో చేరుతుంది. ఫిల్మ్ రేణువు మధ్యస్థాయి బూడిద రంగుల్లో, చెంపమీద, మబ్బుమీద జీవిస్తుంది. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో కలిపే రేణువు పైన పరిచిన పొరే తప్ప బొమ్మలో భాగం కాదు. కోడాక్ నలుపు తెలుపు ఫిల్మ్ ట్రై-ఎక్స్ 35 ఎంఎంలో వచ్చింది కూడా ఎం3 వచ్చిన 1954లోనే. ఆ రెండూ కలిసి నడిపిన శైలిని సాఫ్ట్‌వేర్‌లోని రెడీమేడ్ ప్రీసెట్‌తో తెచ్చుకోవాలని చూసేవాళ్లకు నా సలహా, ఆ శైలే కావాలంటే ఆ ఫిల్మే వాడండి. డిజిటల్ ఫైలును డిజిటల్ ఫైలుగానే బాగుచేయండి. దాని శుభ్రతకు, నీడల లోతుకు కూడా అందం ఉంది.

2012లో వచ్చిన ఎం మోనోక్రోమ్ ఈ చర్చలో ప్రత్యేకమైనది. సెన్సర్ మీద రంగుల ఫిల్టర్ తీసేసి నలుపు తెలుపు మాత్రమే తీసే కెమెరా. రంగులను ఊహించి పూరించే లెక్క ఉండదు గనుక వివరం, నీడల మెత్తదనం చాలా బాగుంటాయి. ఆకాశాన్ని ముదురు చేయాలంటే ఫిల్మ్‌తో చేసినట్టే లెన్సుకు పసుపు ఫిల్టరో నారింజ ఫిల్టరో తగిలించాలి, తర్వాత కంప్యూటర్‌లో మార్చడానికి రంగే ఉండదు. వెలుగు హద్దు దాటితే ఆదుకోవడానికి వేరే రంగు ఛానెల్ కూడా ఉండదు. నేను కొంతకాలం అరువు తెచ్చుకుని వాడాను, ప్రింట్లు నన్ను కదిలించాయి. అయినా నా ఫిల్మ్ పనికి అది బదులు కాలేకపోయింది, ఎందుకంటే నాకు కావాల్సింది నలుపు తెలుపు బొమ్మ మాత్రమే కాదు. ఎరుపు దీపం కింద ట్రేలో కాగితం మీద ముఖం పైకి తేలడాన్ని చూడటం నా పనిలో భాగం. ఎక్కడ కొంచెం ఎక్కువ వెలుగు ఇవ్వాలో, ఎక్కడ చేత్తో అడ్డుపెట్టాలో శరీరంతో నిర్ణయించుకోవడం కూడా అంతే. మీరు డార్క్‌రూమ్‌లో ప్రింట్లు వేసేవారైతే ఈ మాట వివరించనక్కరలేదు. రోళ్లను ల్యాబ్‌కు పంపి స్కాన్లు తెప్పించుకునేవారైతే, దయచేసి ఒక్క క్షణం ఆలోచించండి. చివరికి మీ చేతికొచ్చేది కూడా డిజిటల్ ఫైలే. స్కానర్ లోపలి సెన్సర్, ల్యాబ్‌వాళ్ల అభిరుచి కలిసి దాన్ని తయారుచేశాయి. రెండో సంతోషంలో సగం అప్పటికే మీరు వదులుకున్నారు.

రంగుల ఫిల్మ్‌కు, నలుపు తెలుపుకు నేను గీత గీసింది కూడా అందుకే. నలుపు తెలుపును 20 డిగ్రీల నీళ్లతో, ఒక ట్యాంకుతో, డీ-76 లాంటి డెవలపర్‌తో ఎవరి ఇంట్లో వాళ్లు చేసుకోవచ్చు. రంగుల నెగటివ్‌కు 37.8 డిగ్రీలను నిక్కచ్చిగా నిలబెట్టాలి, ఆపైన రంగుల ప్రింటుకు పూర్తి చీకటి కావాలి. చాలామంది ల్యాబ్ మీదే ఆధారపడతారు. ఇతరుల మీద ఆధారపడిన పద్ధతి ఎప్పుడైనా ఆగిపోవచ్చు. కోడాక్ రంగుల స్లైడ్ ఫిల్మ్ కోడాక్రోమ్ తయారీ 2009లో ఆగింది, 2010 డిసెంబరు చివర ఆఖరి ల్యాబ్ రోళ్లు తీసుకోవడం మానేసింది. ఎంత గొప్ప ఫిల్మ్ అయినా ఆ రోజు తర్వాత ఫ్రిజ్‌లో మిగిలిన రోలును రంగుల్లో డెవలప్ చేయించే ల్యాబ్ లేదు.

దీర్ఘాయువు విషయంలో ఫిల్మ్ బాడీదే పైచేయి అని ఒప్పుకోవాలి. 1954 నాటి ఎం3కి మధ్యమధ్య సర్వీసు చేయిస్తే ఇప్పటికీ పనిచేస్తుంది. డిజిటల్ బాడీ ఆయుష్షు సెన్సర్, సర్క్యూట్ బోర్డు, బ్యాటరీలతో ముడిపడి ఉంది. ఎం9 తరం సీసీడీ రకం సెన్సర్ల పైగాజు క్షయించే లోపం అందరికీ తెలిసిందే. కంపెనీ చాలాకాలం సెన్సర్లను మార్చి ఇచ్చింది. నెగటివ్‌ను కిటికీకి ఎదురుగా పట్టుకుంటే బొమ్మ కనిపిస్తుంది. ఫైలుకు మాత్రం మూడు కాపీలు, వాటిని గుర్తుపెట్టుకుని కొత్త డిస్కుల్లోకి మార్చే మనిషి ఎప్పుడూ ఉండాలి.

ఇక మీరేం చేయాలి? ముందు ఫిల్మ్ బాడీ అమ్మకండి. డిజిటల్ బాడీ ఒకటి అద్దెకో అరువుకో తెచ్చుకోండి. మీ 35 ఒక్కటే తగిలించి, తెర రివ్యూ ఆపేసి, కొన్ని వారాలు మామూలుగా ఎలా తిరుగుతారో అలాగే తిరగండి. ఇంటికొచ్చాక మీకు వెలితిగా అనిపించేది ఏమిటో గమనించండి. తీస్తున్నంతసేపూ సంతోషంగా ఉండి, ఫైళ్లు చూస్తున్నప్పుడు మాత్రం ఏదో తక్కువైనట్టుంటే, కాంటాక్ట్ షీట్, ప్రింటు పద్ధతి ప్రయత్నించండి. చాలామందికి ఆ వెలితి అక్కడే తీరుతుంది. తీరకపోతే మీరు ఫిల్మ్ మనిషి. మారకండి, ఖర్చు తగ్గించుకోవడానికి నలుపు తెలుపు ఇంట్లో డెవలప్ చేయడం నేర్చుకోండి. పరీక్షకు ఎం బాడీ దొరకకపోతే ఆప్టికల్ కిటికీ ఉన్న ఫూజీ ఎక్స్100 వరుస కెమెరా ఒకటి చూడండి. అది రేంజ్‌ఫైండర్ కాదు, ఫోకస్ యంత్రం వేరు, కానీ ఫ్రేమ్ బయటి లోకాన్ని చూసే చూపు మీకు డిజిటల్‌లో సరిపడుతుందో లేదో చెప్పగలదు.

వాడిన బాడీల్లో నేను మొదట చూడమనేది ఎం10 తరం. 2017లో వచ్చింది, మందం ఫిల్మ్ ఎంలకు చాలా దగ్గరగా ఉంటుంది, మీ చేతికి తేడా తెలియదు. దానికి ముందరి ఎం (టైప్ 240) కొంచెం లావు, బ్యాటరీ మాత్రం చాలా ఎక్కువసేపు వస్తుంది. ఎం9 రంగులను ఇష్టపడేవాళ్లు చాలామంది ఉన్నారు, ఐఎస్ఓ 800 దాటాక దాని బలం తగ్గుతుంది గనుక నేను పైన చెప్పిన గదిలోపలి లాభం దాంతో రాదు. సెన్సర్ మార్చిన దాఖలా లేకపోతే వదిలేయండి.

కొనేటప్పుడు మూడు పరీక్షలు చేయండి. బాగా దూరంలో ఉన్న స్తంభాన్నో భవనం అంచునో చూస్తూ లెన్సును అనంతం దగ్గర ఆపితే ప్యాచ్‌లో రెండు బొమ్మలు కచ్చితంగా కలవాలి. అడ్డంగా కలిసి నిలువుగా ఒకదానిపైన ఒకటి తేలుతున్నా సర్వీసు ఖర్చు లెక్కలో వేసుకోండి. లెన్సును పూర్తిగా తెరిచి 0.7 మీటర్ల దగ్గర, రెండు మీటర్ల దగ్గర ఏటవాలుగా పెట్టిన స్కేలును తీసి, ఫోకస్ రెండు చోట్లా ఒకే వైపు జరుగుతోందా చూడండి. ఒకే వైపైతే సరిచేయడం తేలిక. చివరగా ఖాళీ ఆకాశాన్ని ఎఫ్/16 దగ్గర తీసి కాంట్రాస్ట్ పెంచి చూడండి. దుమ్ము మచ్చ శుభ్రం చేస్తే పోతుంది. చుట్టూ వలయం ఉన్న మచ్చలు కనిపిస్తే అది గాజు క్షయం కావచ్చు, ఆ బాడీ జోలికి వెళ్లవద్దు.